సగంపూట టీచర్లు

హలో… ఆఁ, కొట్లోంచి నేనే. ఇంకెవరుంటారిక్కడ?

…కనకా? ఎక్కడి నుంచి సేత్తన్నావు?

పెదబయలు పోస్టాఫీసా… అంటే సోములమ్మ ఇంటికి ఎల్లావన్నమాట.

అయితే ఇను. మీయమ్మ టీచరుద్యోగం పోగొట్టింది ఆ సోములమ్మే. మాటిచ్చి ఎనక్కి తగ్గింది. ఇరవై రెండేళ్లయింది. అందులో తేల్చాల్సిందేటీ లేదు.

…

ఆవిడ అనాలా? సరే. ఆవిడే పోగొట్టింది.

…

పిన్ని ఎప్పట్నుంచయింది నీకు? పొద్దున బస్సు దిగినప్పట్నుంచా?

…

అరవకు, లైను బాగానే ఉన్నాది. ఆ ఏడుపేటి? సంటిదాన్ని కూడా ఏసుకెల్లావా ఆ బస్సులో? …ముందు దానికి పాలు పట్టు. ఫోను భుజం మీద ఇరికించుకుని పట్టు. ఉంటాను.

…

…

పట్టావా. ఊఁ. ఇప్పుడు సెప్పు. బేగి సెప్పు, సంత రోజు.

…

ఉత్తరం అందింది. రెండుసార్లు సదివాను. పిల్లలు పుట్టి ఉద్యోగం మానేసినోళ్లని ఎతికి పట్టుకుంటావు. టైపు నేర్చినోళ్లు, నర్సు ట్రైనింగు అయినోళ్లు, టీచర్లు… సర్టిఫికెట్లు ట్రంకుపెట్టెల్లో పెట్టుకుని కూకున్నోళ్లు. ఒక ఉద్యోగానికి ఇద్దరు. పొద్దుట పూట ఒకరు, మజ్జాన్నం ఇంకొకరు. పనికెల్లని మనిషి మన గొడౌన్లో ఇద్దరి పిల్లల్నీ సూసుకోవాలి. మనుషుల్ని జత కలిపి ఆఫీసులకి అప్పజెప్పడం నీ యాపారం. అంతేనా?

…

నువ్వు కూడానా? కోర్టులో టైపు మానేసిందే ఏడాది కింద. మళ్లీ ఎల్లాలనుందా?

…

మగోళ్లా? మగోళ్లకెందుకే సగంపూట?

…

ఎవరాడు… రైల్వే గుమస్తా. పెళ్లాం పోయిందా. ఇద్దరు పిల్లలా.

…

ఊఁ. రాసుకో వాడి పేరు కూడా. నన్నడగడమెందుకు.

…

అవును, అదొకటి సెప్పాలి నీకు. మజ్జాన్నం పాసింజరు కూత ఇని జతలు మారాలని రాశావు. ఎవరిచ్చారే ఆ సలహా? ఖనిజం బండ్లు రోజంతా కూత్తానే ఉంటాయి. కూత ఇన్న ప్రతిసారీ మారితే మీ టీచర్లు బడికీ గొడౌనుకీ మధ్య రోడ్డు మీదే ఉంటారు. పాసింజరుకయితే టైమే లేదు. మొన్న సంతకి రావాల్సిన అల్లం బుట్టలు సంత లేచాక దిగాయి.

…

నవ్వు, నవ్వు. 

…మీ ఆయనేటంటాడు? …ఒప్పుకోవడం కాదు నేనడిగింది. ఇయ్యాళ ఇంట్లో వంటెవరు సేత్తన్నారు?

…అతనేనా. 

ఎవరూ నవ్వరా?

…

ఏటీ లేదు. ఊరికే అడిగాను.

…

గొడౌను సంగతి మళ్లీ ఎత్తకు. బడి ఎనకాలే ఉంది, గాలి వత్తాది, ఎలుతురు వత్తాది, అన్నీ నాకు తెలుసు. కట్టింది నేను. ఇవ్వను. ఆ పని మీయమ్మని తినేసింది, నిన్నూ తింటాది. అంతే.

…

సోమవారమా? సోమవారం లోపు ఎలాగే?

…

ఏదీ, మెల్లిగా సెప్పు. బడివాళ్లు ఒక పోస్టు ఇత్తామన్నారు. ఇద్దరు టీచర్లు సెరి సగం సేసుకోవచ్చన్నారు… ఇద్దర్లో ఒకరు పాతకాలం ట్రైనింగు అయిన పెద్దావిడ కావాలన్నారు, కొండోళ్ల కువీ మాటలొచ్చినావిడ… కువీ మాటాడే ట్రైనింగు టీచరు ఈ కొండల్లో ఇంకెవరున్నారు, సోములమ్మ తప్ప. అదా నువ్వు అక్కడికెల్లింది.

…

ఈ జత కుదరకపోతే మిగతావాళ్లు కూడా ఒప్పుకోరా. ఎంతమంది? …పన్నెండు మంది. ఊఁ.

…

రానందా! మంచిది. తెలివైన మనిషి.

…

ఏటంది? మళ్లీ సెప్పు.

…'రత్నాలు గడప తొక్కను' అందా? 

మీయమ్మ ఏం సేసిందే ఆవిడికి? మాట తప్పింది ఆవిడ. ముంచింది ఆవిడ. గడప తొక్కనంటే ఎవరనాలి?

…

కార్డా.

ఏ కార్డు?

…

…

ఇంటన్నాను.

…

సోంబరూ, ఆ పసుపు బస్తా అక్కడే దించు. కాదు, తరవాత తూస్తాను. నువ్వెల్లి టీ తాగిరా. …ఎల్లమంటే ఎల్లు నాయినా.

…ఆఁ కనకా. ఉన్నాను. ఆ కార్డు నీ సేతిలో ఉందా ఇప్పుడు?

…

నీలి పెన్సిలు సంతలో ప్రతి కొట్టువాడి కాడా ఉంటాది. బస్తా మీద ఊరి పేరు రాయాలంటే అదే. నాలికకి తడిపి రాత్తే వానకి కూడా పోదు.

…

సదవకు. నాకు తెలుసు అందులో ఏముందో.

…

సదవకన్నాను కదే!

…

…

అది మీయమ్మ రాత కాదు. నీకు తెలుసు. పుట్టినప్పట్నుంచి బస్తాల మీద ఆ రాతే సూశావు. తెలిసే సేశావు ఫోను. నా నోట ఎందుకు సెప్పిత్తావు?

…

ఆవిడికి సెప్పావా?

…లేదా. పక్కనే ఉందా? బయట బల్ల మీద కూకుందా.

…

మూడు నిమిషాలయ్యాయంటన్నాడు. సర్వేశ్వరరావూ, ఇంకో కాల్ ఇయ్యి. ఆ తరవాత ఇంకోటియ్యి. నువ్వు లైన్లో ఉండి ఇంటన్నావని నాకు తెలుసు, ఎక్స్ఛేంజిలో నీకదే పని. ఇను. ఈ ఒక్కసారికి ఇను. రేపు అరకులో సెప్పుకో, నా పేరు పెట్టే సెప్పుకో.

…

కనకా. కథొకటి సెబుతాను. మధ్యలో మాటాడకు.

ఒక కొట్టువాడున్నాడు. పార్వతీపురం అవతల పల్లెటూరు నుంచి వచ్చాడు. అయిదో తరగతి. చింతపండు, పసుపు, వలిసెలు కొంటాడు, అమ్ముతాడు. వాడికి టీచరు పెళ్లాం దొరికింది. ఈ ఊరి బళ్లోనే పని. ఆవిడ జీతం మీద వాడు కన్నెయ్యలేదు, అది మటుకు నిజం. ఆవిడ బడి నుంచి వచ్చి, పిల్లలన్న మాటలన్నీ సెప్పి నవ్వుతుంటే వాడికి బాగుండేది.

గుంట పుట్టింది. బడి మానేసింది. మానెయ్యమని వాడనలేదు. మానకని కూడా అనలేదు. గొడౌన్లో కాటా కొక్కేనికి ఉయ్యాల కట్టింది. బస్తా తూచాలంటే ఉయ్యాల ఇప్పాలి, గుంట పడుకోవాలంటే కాటా ఇప్పాలి. …ఆఁ, నువ్వే. మరెవరనుకున్నావు?

రెండేళ్లు. రోజూ పొద్దుట బడి గంట కొట్టే వేళకి ఆవిడ సేతిలో ఏ పనున్నా ఆపేసి గుమ్మంలో నిలబడేది. గంట ఆగాక లోపలికొచ్చేది. వాడు సూసేవాడు.

ఒక సంత రోజు సోములమ్మ వచ్చింది. సంకలో సంటోడు. ఆవిడా అదే బడి, ఆవిడా మానేసే పరిస్తితి. ఇద్దరూ గొడౌన్లో కూకున్నారు. సుద్దముక్క తీసుకుని గచ్చు మీద గీత గీశారు. ఇటు పొద్దుట, అటు మజ్జాన్నం. ఇటు రత్నాలు, అటు సోములమ్మ. ఒకావిడ బడికెల్తే ఒకావిడ ఇద్దరు పిల్లల కాడ. నీ యాపారం ఆ గచ్చు మీద పుట్టింది. నువ్వేదో కొత్తగా కనిపెట్టాననుకుంటన్నావు.

ఆ రోజు మీయమ్మ రెండేళ్ల తరవాత నవ్వింది.

ఇద్దరూ కలిసి ఇన్స్పెక్టరు గారికి రాశారు.

…

వాడికేటయిందంటావా? ఏటీ అవలేదు. సంతలో నలుగురు కొట్లవాళ్లు కూకున్నారు. ఒకడన్నాడు, 'పెళ్లాం బడికెల్తే మనవాడికి ఒక సేత తరాజు, ఒక సేత ఉయ్యాల' అని. అందరూ నవ్వారు. వాడు కూడా నవ్వాడు. అందుకే అడిగాను నిన్ను, ఎవరూ నవ్వరా అని.

అంతే. అంతకన్నా పెద్ద కారణం లేదు. ఇరవై రెండేళ్లు ఎతికాను. దొరకలేదు.

…

ఇన్స్పెక్టరు గారు మంచోడు. ఒప్పుకున్నాడు. ఇద్దరూ సమ్మతమని విడివిడిగా రాయండి, సగంపూట సొప్పున వేస్తానని జవాబు రాశాడు. ఆ జవాబు కొట్టుకొచ్చింది. మీయమ్మ గెడ్డ కాడ బట్టలుతుకుతుంది. వాడు పెన్సిలు నాలిక మీద పెట్టుకున్నాడు. మీయమ్మ పేరు పెట్టి, నాకు సమ్మతం కాదని ఇన్స్పెక్టరు గారికి కార్డు రాసి, సాయంత్రం టపాలో ఏసేశాడు. ఆయన దాన్ని సోములమ్మకి పంపుతాడని వాడికి తెలుసు.

మీయమ్మకి సెప్పాడు… సోములమ్మ ఎనక్కి తగ్గిందంట, ఇన్స్పెక్టరు కుదరదన్నాడంట అని.

మీయమ్మ తడిగుడ్డ తెచ్చి గచ్చు మీద గీతలు తుడిసేసింది.

…

ఆఁ. నేనే. కొట్టువాడేటి, వాడేటి… నేనే.

…

ఏడవకు. నువ్వేడిస్తే సంటిది లేస్తాది.

…

ఆ రెండో ముక్కా.

…

'ఆమె బిడ్డను మా ఇంట ఉంచుకోను.' ఆఁ. నేనే రాశాను.

ఎందుకా? మొదటి ముక్క ఒక్కటే రాస్తే సోములమ్మ ఎలిపోదు. వచ్చి అడుగుతాది. రత్నాలూ, ఏటయిందే అని అడుగుతాది. కొండోళ్ల బిడ్డ అని ఇంట ఉంచుకోనందని తెలిస్తే ఇంక అడగదు. మానం ఉన్న మనిషి. ఆ లెక్క సరిగ్గా కుదిరింది. అడగలేదు.

మీయమ్మ ఆ పిల్లోణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకుని జోకొట్టిన మనిషి. దాని పేరు మీద రాశాను ఆ మాట.

…

తరవాత ఆవిడేం సేసిందో నాకు తెలుసు, సెప్పక్కర్లేదు. జత లేకపోయేసరికి బిడ్డనొగ్గి రోజంతా బడికెల్లలేక మానేసింది. కాఫీ తోటల్లో పళ్లు కోసింది. టీచరు ట్రైనింగు అయిన మనిషి. సంతలో గోనె సంచి నెత్తినెట్టుకుని వత్తంటే సూసేవాణ్ణి.

…

నువ్వు సెబుతావా ఆవిడికి? …నేను సెప్పమంటే సెబుతావు. ఒద్దంటే ఆ కార్డు సింపేత్తావు. నీ పన్నెండు మంది కూడా ఎలిపోతారు. 

…

సింపకు.

…

ఆవిణ్ణి పిలు. ఫోను ఇయ్యి ఆవిడికి.

…

సర్వేశ్వరరావూ, ఇప్పుడు కట్ సేశావంటే ఎక్స్ఛేంజికొచ్చి కొడతాను.

…

…

…సోములమ్మ గారూ.

నేను వరహాలరావుని. రత్నాలు మొగుణ్ణి.

…

ఆ కార్డు రత్నాలు రాయలేదు. నేను రాశాను. దానికి తెలీదు. మీరు రానన్నారని సెప్పాను దానికి. నమ్మింది.

…

ఆ మాట కూడా. బిడ్డ మాట కూడా. నాదే.

…

…

ఉన్నాను. ఇంటన్నాను. తిట్టండి.

…

ఆఁ, తెలుసు. అల్లం బుట్టల కాడ. ఎదురుపడ్డారు, మీరు మొహం తిప్పేసుకున్నారు. అదీ తిప్పుకుంది. ఇంటికొచ్చి ఆ పూట వండలేదు. 'సోములమ్మ సిక్కిపోయింది' అన్నాది. ఒక్క మాటే.

…

లేదు.

లేదు, సెప్పలేదు. పోయేముందు మూడు నెలలు మంచమ్మీదున్నాది. మీ పేరు రెండుసార్లు ఎత్తింది. సెప్పడానికి రోజూ పక్కన కూకునేవాణ్ణి. గంజి తాగించి లేచేవాణ్ణి.

…

అది మంచమ్మీదున్నప్పుడే ఓ రోజు మీరొచ్చారు. రోడ్డవతల నిలబడ్డారు, నెత్తి మీద కొంగేసుకుని. నేనొచ్చి పొమ్మన్నాను. కోపం కాదమ్మా అది. దానికి ఇంకా తెలివుంది. మీరు లోపలికొచ్చి రెండు మాటలాడుకుంటే బయటపడతాది. అందుకు పొమ్మన్నాను. 

అందుకే.

…

…

అవును. మీరంది నిజమే. 

అదీ నిజమే.

…

గొడౌను గడప రత్నాలుదే. మీరు తొక్కనంటే నేనడగను. కానీ గడప మీకు సేసిందేటీ లేదు. రత్నాలు కూడా ఏటీ తెలీకుండానే పోయింది.

…

మీ కోడలు కూతురా? ఎన్ని నెల్లు? 

…తెచ్చుకోండి. 

…

సరే. కనకకియ్యండి.

…

…

ఆఁ. 

ఏటంది?

…ఏటీ అన్లేదా. బస్సెన్నింటికని అడిగిందా. 

పొద్దుటిది ఎక్కమను, కూకోడానికి సీటుంటాది.

…

ఇను ఇప్పుడు. తాళం గుమ్మం పక్క మేకుకి ఏలాడతాది. సోమవారం పొద్దుట బస్సొచ్చే వేళకి నేను కొట్లో ఉండను, బొర్రా వైపు ఎల్తాను. మీరు తీసుకుని సర్దుకోండి. పసుపు బస్తాలు సోంబరు రేపే తీసేత్తాడు. గచ్చు కడిగిత్తాను. పసుపు దుమ్ము పిల్లలకి మంచిది కాదు.

కాటా ఇప్పేత్తాను. కొక్కెం మటుకు ఉంచుతాను, ఉయ్యాలకి. గట్టిదే, రెండు బస్తాలు మోసేది. ఆవిడ మనవరాల్ని ముందు ఎయ్యాలి అందులో. తరవాతే నీ కూతురు. ముందెవరు ఊగారో నాకు తెలుత్తాది, సోంబరు సెబుతాడు.

…

రైలు కూత నమ్మకు. కొట్టు ముందర పట్టా ముక్కొకటి ఏలాడతంది, లైనేసినప్పుడు తెచ్చింది. సరిగ్గా పన్నెండున్నరకి నేను కొడతాను. ఎనకాల గొడౌన్లోకీ వినబడతాది, బళ్లోకీ వినబడతాది. రోజూ కొడతాను. ఒంట్లో బాగోకపోతే సోంబరు కొడతాడు. నాకు గడియారం ఉంది, వేరే పనేటుంది.

…

అదొద్దు.

ఒద్దన్నాను కనకా. అయిందేదో అయిపోయింది అనకు. ఆ మాట నువ్వనేది కాదు, ఆవిడ అనేది కాదు. అనాల్సిన మనిషి గచ్చు తుడిసేసి ఎలిపోయింది. నాకు ఎవరి దయా ఒద్దు. నేనడగలేదు.

…

కార్డు ఆవిడిదే. ఆవిడికిచ్చెయ్. దాస్తాదో కాలుస్తాదో ఆవిడిష్టం.

…

ఆఁ, సర్వేశ్వరరావూ. అయిపోయింది. 

కనకా, ఒకటే సెబుతున్నాను, గుర్తెట్టుకో. సోమవారం వస్తావు, రోజూ వస్తావు, నా కాడ అన్నం తింటావు. గొడౌను గురించి అడుగు, గంట గురించి అడుగు, సంటిదాని గురించి సెప్పు. ఇది మటుకు అడగకు. మీయమ్మకి సెప్పాల్సిన మాట మీయమ్మకి సెప్పలేదు. ఇయ్యాళ ఒకసారి సెప్పాను, సాలు. మళ్లీ నా నోటంట రాదు. నువ్వడిగినా రాదు, ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడి అడిగినా రాదు. నేను పోయేదాకా రాదు.

…

బిడ్డకి తల మీద గుడ్డ కప్పు. ఘాట్లో చలి.

…

పెట్టేత్తన్నాను.